చేతులు ఎక్కడ పెట్టుకోవాలి

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఆ ఉద్యోగం గురించి ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు. ఎవరికైనా కావాలంటే నేను రాసిన దస్తావేజులన్నీ ఆఫీసు బీరువాల్లోనే ఉన్నాయి, నా చేతిరాత ఇప్పటికీ చదవొచ్చు. ఇక్కడ రాసేది జీతం రాని ఉద్యోగం గురించి. పలాస, టెక్కలి చుట్టుపక్కల ఇరవై ఏళ్లు నాటకాలు వేశాను, వేయించాను. మా ఆవిడ మొదటిదాన్ని ఆఫీసు అనీ, రెండోదాన్ని రోగం అనీ అనేది.

కాశీబుగ్గలో కొత్తగా నాటక సమాజం పెట్టుకున్న పిల్లలు ఈమధ్య వచ్చి, లైటింగు గురించి చెప్పమన్నారు. లైటింగు గురించి నాకు తెలిసిందల్లా కరెంటు పోతే అది ఉండదని. సౌండు గురించి అడిగారు. అదీ అంతే. వాళ్లు మొహమొహాలు చూసుకుని, పోనీ మీకేం తెలుసో అదే రాసివ్వండన్నారు. అందుకే ఇది.

ఔత్సాహిక నాటకంలో సమస్య ఒక్కటే. చేతులు. మాట మర్చిపోతే ప్రాంప్టర్ అందిస్తాడు. మీసం ఊడితే ఇంకొకటి అతికిస్తాం. చేతులకి మాత్రం మందు లేదు. పొద్దంతా ఆ చేతులతోనే తూకాలు వేసి, బట్టలు కుట్టి, బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి స్టేజీ ఎక్కగానే, రైల్లో ఎవరో అప్పజెప్పి దిగిపోయిన సామానులా వాటిని మోస్తూ నిలబడతాడు. ఎక్కడ పెట్టాలో తెలియదు, వదిలేసి వెళ్లలేడు.

సన్యాసిరావు గారి కండువా

నాకు నాటకం నేర్పినవారు టెక్కలిలో సన్యాసిరావు గారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. స్టేజీ మీద సుద్దముక్కతో పాదాలు గీసి, ఎవరు ఏ డైలాగుకి ఏ పాదంలో నిలబడాలో నంబర్లు వేసేవారు. మూడో నంబరులో ఏడవాల్సినవాడు నాలుగో నంబరులో ఏడిస్తే బెత్తంతో కొట్టేవారు. నాకప్పుడు ఇద్దరు పిల్లలు. అయినా రెండుసార్లు దెబ్బలు తిన్నాను.

చేతుల విషయంలో ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది. నటుడు తడబడుతున్నాడంటే చాలు, "వాడికో కండువా ఇయ్యండ్రా" అనేవారు. చేతిలో ఏదో ఒకటి ఉంటే మనిషి నిలదొక్కుకుంటాడని ఆయన నమ్మకం. అలా ఒక నాటకంలో తొమ్మిది మందికి తొమ్మిది కండువాలు వచ్చాయి. ఇద్దరు మొహం తుడుచుకుంటూ, ముగ్గురు విసురుకుంటూ, మిగతావాళ్లు దులుపుకుంటూ నాటకమంతా నడిపించాం. పోటీ అయ్యాక ఒక జడ్జి మమ్మల్ని పిలిచి, "కథ జరిగే ఊళ్లో అంత ఉక్కపోత ఏమిటండీ?" అని అడిగాడు.

నా మొదటి వేషం పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆ రోజు లాఠీ ఇంట్లో మర్చిపోయాను. చేతులు ఏం చెయ్యాలో తెలియక రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టేశాను. ప్యాంటు నాకన్నా సన్నటివాడిది. పెట్టినవి మళ్లీ బయటికి రాలేదు. హెడ్డు కానిస్టేబుల్ వచ్చి సెల్యూట్ కొట్టాడు. తిరిగి కొట్టడానికి నా చెయ్యి జేబులో ఇరుక్కుని ఉంది కాబట్టి తల ఊపాను. నాటకం అయ్యేదాకా అందరికీ తలే ఊపాను. అధికార గర్వాన్ని తల కదలికతో అద్భుతంగా చూపించానని నాకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. ఆ రోజు నుంచి జడ్జీల మీద నాకు గౌరవం తగ్గింది. బహుమతి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

సన్యాసిరావు గారు నన్ను పక్కకి పిలిచి, "చూశావా? పనికిరానిదాన్ని దాచెయ్. జనానికి కనపడనిది నీకు లేనట్టే లెక్క" అన్నారు. ఆ మాట నేను వేదంలా పట్టుకున్నాను. ఆయన గొప్ప మనిషి. నాటకం కోసం ఇంట్లో మంచాలు కూడా స్టేజీ మీదికి తెచ్చి, ఆయన మాత్రం నేల మీద పడుకునేవారు. కానీ ఒక మాట చెప్పాలి. మంచి గురువు నేర్పిన తప్పుడు పాఠం చెడ్డ గురువు నేర్పినదానికన్నా ఎక్కువ కాలం మనలో ఉంటుంది. దాన్ని అనుమానించాలని కూడా మనకి తోచదు.

తవిటయ్య మీసం

తొంభైల చివరికి సన్యాసిరావు గారు పెద్దవారైపోయి, నేను పలాసలో సొంతంగా నాటకాలు వేయించడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి జనం నన్ను మాస్టారు అంటారు. నేను ఎవరికీ ఒక్క పాఠం చెప్పింది లేదు.

ఒక నాటకం నేనే రాశాను. ఒక బుగత, అంటే పది మందికి తిండి పెట్టగలిగిన భూస్వామి, దొంగ దస్తావేజు పుట్టించి ఒక మొగుడు పోయిన ఆవిడ కొబ్బరితోట కాజేస్తాడు. చివరికి బుగత భార్యే ఊరందరి ముందూ నిలబడి, ఆ కాగితం దొంగదని సాక్ష్యం చెబుతుంది. దస్తావేజులు తప్ప నాకు వేరే లోకం తెలియదు కాబట్టి కథ అలా వచ్చింది.

బుగత వేషం కామేశ్వరరావుది. కాశీబుగ్గలో మందుల షాపు. మంచి గొంతు, మంచి పొడుగు, తనకి ఇంకా పాతికేళ్లే అన్న నమ్మకం. భార్య వేషానికి అందరిలాగే మేమూ విజయనగరం నుంచి నటీమణిని పిలిపించాం. ఆ వృత్తిలో ఉన్న ఆడవాళ్ల గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లని నేను దగ్గరికి రానివ్వను. వారంలో నాలుగు ఊళ్లలో నాలుగు నాటకాలు వేసి, రైల్లో కూర్చుని ఐదోది చదువుకునేవారు. మా అందరిలో పని తెలిసినవాళ్లు వాళ్లొక్కరే. కాకపోతే ఆట రోజు మధ్యాహ్నం వచ్చి ఒక్క రిహార్సలు మాత్రం చేసేవారు. అప్పటిదాకా, రెండు నెలలపాటు, ఆ పాత్ర డైలాగులు ఎవరో ఒకరు చదవాలి.

మాకు ఆ పని తవిటయ్య చేసేవాడు. దర్జీ. బుర్ర మీసం. రెండు నెలలు కామేశ్వరరావు ఆ మీసం వైపు చూస్తూనే "నా బంగారం" అన్నాడు. ఆట రోజు నిజంగా ఒక ఆడమనిషి ఎదురుగా నిలబడి "ఏమండీ" అనేసరికి అతనికి నోట మాట రాలేదు. స్టేజీ పక్కన వింగులో నిలబడ్డ తవిటయ్య కోసం వెతుక్కుని, అటు తిరిగి డైలాగులన్నీ చెప్పాడు. భార్య మొహం చూడకుండా లోపలికి చూసి మాట్లాడుతున్నాడంటే అక్కడ ఇంకొకర్తె ఉందని జనం అనుకున్నారు. రెండో అంకం దాకా ఆ ఇంకొకర్తె కోసం ఎదురుచూశారు.

ముగ్గురు జడ్జీలూ అది క్షమించారు. కానీ ముగ్గురూ ఒకే ప్రశ్న రాశారు: కట్టుకున్న మొగుడి మీద ఆ ఇల్లాలు ఎందుకు సాక్ష్యం చెబుతుంది? కారణం కనపడలేదు. నేను ఇంటికి వచ్చి, ఆవిడ చేత ధర్మం గురించి అర పేజీ ఉపన్యాసం చెప్పించాను. తర్వాతి ఆటలో ఆ అర పేజీ వచ్చేసరికి జనం పల్లీలు కొనుక్కోవడానికి లేచారు.

రెండు నెలలూ మాతోనే ఉండి రిహార్సలు చేయగలిగే ఆడమనిషి దొరికితే తప్ప ఈ నాటకం బతకదని నాకు అర్థమైంది.

పిక్కల కళ్లంలో

మా బంధువొకాయన తన జీడిపప్పు కర్మాగారంలో జీడిపిక్కలు ఎండబెట్టే కళ్లం ఆదివారాలు మాకు రిహార్సలుకి ఇచ్చేవాడు. ఆదివారం కూడా ఐదారుగురు ఆడవాళ్లు వచ్చి గంపల్లో మిగిలిపోయిన పిక్కలు పగలగొట్టేవారు. ఒక రోజు కామేశ్వరరావు భార్యకి, అంటే తవిటయ్యకి, అబద్ధం చెప్పే సీను చేస్తున్నాం. మూల నుంచి ఒక గొంతు వినపడింది.

"ఆ బాబు అబద్దమాడతన్నాడని ఆవిడకి తెల్దేటి?"

చూస్తే ఒక పాతికేళ్ల మనిషి, చేతిలో పని ఆపకుండానే అడుగుతోంది.

"తెలుసు," అన్నాను.

"తెలిస్తే మరి నేల సూత్తాదేటి? మొగుడు అబద్దమాడితే మొకమే కదా సూత్తాం."

తవిటయ్య పుస్తకం మూసేశాడు. "అయితే నువ్వే సెయ్యమ్మా. నాకు కుట్టాల్సిన జాకిట్లు పది ఉన్నాయి," అన్నాడు.

ఆమె పేరు దాలమ్మ. వజ్రపుకొత్తూరు దాటాక వచ్చే ఒక బెస్తపల్లె కోడలు. మొగుడు కూర్మయ్య గుజరాత్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తాడు, ఏడాదికి ఒకసారి ఇంటికి వస్తాడు. అత్త పోలమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. దాలమ్మ పొద్దున్నే ఆటోలో పూండి వచ్చి, పాసింజరు ఎక్కి పలాసలో దిగి పిక్కలు కొడుతుంది. చదువు ఐదో తరగతి. అందుకని నాటకం చెవితో నేర్చుకుంది. మూడో ఆదివారానికి ఆమె పాత్రే కాదు, అందరి పాత్రలూ వచ్చేశాయి. ప్రాంప్టర్ తడబడితే ఆమె అందించేది. ప్రాంప్టర్ రెండు వారాలు మాతో మాట్లాడలేదు.

అసలు విషయం ఆమె చేతులు. పిక్క పగలగొడితే కారే జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టినా అరచేతులు, వేళ్లు నల్లబడిపోతాయి. కడిగితే పోయే నలుపు కాదు. కానీ ఇరవై ఏళ్లలో నా దగ్గరికి వచ్చిన నటుల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలని అడగని మనిషి ఆమె ఒక్కతే. కూర్చుంటే ఒళ్లో, నిలబడితే పక్కన, అవి ఉండాల్సిన చోట ఉండేవి. దొంగ దస్తావేజును బుగత అరుగు మీద పెట్టే సీనులో ఆమె గబుక్కున వంగి దాని మీద అరచెయ్యి పరిచి వేసింది. డైలాగు అయ్యేదాకా తియ్యలేదు. నేను చెప్పింది కాదు.

"అది ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాను.

"నేర్సుకున్నదేటుంది మాస్టారు? తూకమేసేవోడు మా కుప్ప పక్కోల కుప్పలో కలపబోతే ఇలగే సెయ్యేత్తాం. ఇది నాదీ అని."

కామేశ్వరరావు ఆ రోజు మొదటిసారి డైలాగు మర్చిపోయాడు. తవిటయ్య వైపు కూడా చూడలేదు.

అడగడానికి వెళ్లిన రోజు

ఆమెను స్టేజీ ఎక్కించాలంటే అత్త ఒప్పుకోవాలి, పల్లెలో కులపెద్దలు ఒప్పుకోవాలి. నేనూ తవిటయ్యా వెళ్లాం. కులపెద్ద పేరు ఎర్రయ్య. వల బాగుచేసుకుంటూ మా మాట మొత్తం విన్నాడు.

"నాటకాలంటే మాకేటి తెల్దు బాబు," అన్నాడు. "ముందు మా ఊర్లో ఆడండి. అందరం సూత్తాం. సూసి సెప్తాం. పొద్దుండగా ఆడాల. మావు తెల్లారగట్ల ఏటకి పోయేవోలం, రాత్రి మెలకువుండలేం."

పోలమ్మ మాకు మజ్జిగ ఇచ్చి, మేం తాగేదాకా మా మొహాలే చూసింది.

తిరిగి వచ్చాక దాలమ్మ నాతో అంది: "ఆల్లు వొద్దంటే నాటకమొక్కటే పోదు మాస్టారు. పలాస ఎల్లబట్టే ఇలగైనాదని పిక్కలకీ పంపరు."

ఆ సంగతి నాకు తోచలేదు. ఆమె కూలి లేకపోతే ఆ ఇల్లు ఎండుచేపల మీదే నడవాలి.

"అయితే మానేద్దాం," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

 "పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల దించుకునే కూకుంటాను. తలెత్తి మాటాడే పని ఇదొక్కటే దొరికినాది. అడిగి సూద్దాం మాస్టారు," అంది.

అంటే ఆ ఒక్క ఆటతో ఆమె ఉద్యోగం, ఆమె నాటకం రెండూ తేలాలి. ఇంత బరువు ఎత్తుకున్న దర్శకుడు మామూలుగా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. భయపడ్డాను. భయాన్ని తెలివి అనుకున్నాను.

నా తెలివి

పల్లె పెద్దలు మర్యాద చూస్తారు కదా అని మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు కుట్టించాను. తల మీద కొంగు. బుగత గారి భార్యకి నల్లబడ్డ చేతులు ఉండవు కాబట్టి చేతులకి మేకప్పు వెయ్యాలన్నాను. వేసి చూశాం. రంగు నిలవలేదు, పగుళ్లలోంచి నలుపు పైకి వచ్చింది. అప్పుడు సన్యాసిరావు గారి మాట గుర్తొచ్చింది. పౌడరు నిలిచినంత నిలవనీ, ఎలాగూ కొంగు ఉంది, చేతులు దానిలో చుట్టెయ్ అన్నాను.

"కొంగులో ఉంటే కాయితం మీద సెయ్యేసేది ఎలగ మాస్టారు?"

"అది తీసేశాం."

"తీసేత్తే అక్కడ నాను ఏటి సెయ్యాల?"

"కొంగుతోనే కాగితం పట్టుకుని, ధర్మం గురించి ఆ అర పేజీ చెప్పు."

దాలమ్మ ఇంకేమీ అడగలేదు. నటులు మాట్లాడకపోతే ఒప్పుకున్నారని దర్శకులు అనుకుంటారు. మీరు కూడా అనుకుంటారు. రాసి పెట్టుకోండి: నటుడు వాదిస్తున్నంతసేపూ మీకు ఒక అవకాశం ఉంది. ఊరుకున్నాడంటే ఆ అవకాశం పోయింది.

తవిటయ్య మాత్రం జాకెట్టు కొలతలు తీస్తూ, "మాస్టారూ, మీరు ఈవిడికి కట్టిన కొంగు సూత్తే దెబ్బ తగిలిన మనిషిలాగుంది," అన్నాడు. నీకు కుట్టడం తెలుసు, నాటకం తెలియదు అన్నాను. అతను రెండు నెలలు ఆ పాత్ర చదివినవాడు.

నాలుగు గంటల ఆట

సముద్రం బాగోలేక బోట్లన్నీ ఒడ్డుకి లాగేసిన రోజు అది. ఇసుకలో బల్లలు పరిచి, వెనక ఒక నీలం టార్పాలిన్ కట్టి స్టేజీ అన్నాం. సాయంత్రం నాలుగైంది. ఎండ తగ్గలేదు. లైట్ల కోసం వేసే మేకప్పు ఎండలో ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. కామేశ్వరరావు మొహం వెల్ల వేసిన గోడలా ఉంది. అతను వచ్చి "నేను ఈ ఊరి బుగతను" అనగానే ముందు వరసలో చంటిపిల్ల ఏడ్చింది.

పల్లె మొత్తం వచ్చింది. ఎర్రయ్యా ఇంకో ఇద్దరు పెద్దలూ బోటు అంచు మీద కూర్చున్నారు. పోలమ్మ ఇసుకలో, సరిగ్గా మధ్యలో.

మొదటి రెండు సీన్లూ ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. మర్యాదగా చూస్తున్నారు. నాటకానికి అంతకన్నా చెడ్డ సూచన లేదు. దాలమ్మ డైలాగులన్నీ తప్పు లేకుండా చెబుతోంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, పొట్టకి ఆనించి నిలబడి ఉంది. కళ్లంలో చూసిన మనిషి కాదు. కండువాల నాటకంలో మేము ఎలా ఉన్నామో అలా ఉంది.

మూడో సీనులో బుగతకి అన్నం పెట్టాలి. కొంగులోంచే ఇత్తడి చెంబు అందుకోబోతే అది జారి బల్ల మీద దొర్లింది. అప్పుడు పోలమ్మ లేచి నిలబడింది. కోప్పడలేదు. ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"ఒలే దాలీ, ఆ సేతులేటి దాసుకున్నావు? ఏటి దొంగిలించినావు?"

దాలమ్మ ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను టార్పాలిన్ పక్క నుంచి, చేతులు బయటికి తియ్యొద్దు, కొనసాగించు అని సైగ చేశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సైగ గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఎర్రయ్య లేచాడు. "ఆట ఆపండి. మాస్టారు, ఇలగ రండి," అన్నాడు. ఆ పల్లెలో నలుగురి ముందు ఎవరైనా ఒక మాట అడిగితే దానికి జవాబు వచ్చేదాకా ఇంకే పనీ జరగదు. పెళ్లయినా అంతే. నేను బల్ల ఎక్కాను. కామేశ్వరరావు విస్తరి ముందు అలాగే కూర్చుని ఉన్నాడు.

"సేతులు ఎవులు దాయమన్నారు?"

"నేనే."

"ఎందుకని?"

"ఆవిడ బుగత గారి భార్య కదా. అలాంటి ఇంట్లో ఆడవాళ్లకి చేతులు అలా ఉండవని."

పెద్దలు ముగ్గురూ ఆలోచించారు. నేను చెప్పింది వాళ్లకి సబబుగానే తోచినట్టుంది. అంతలో ఇసుకలోంచి ఎవరో ఆడమనిషి అంది: "ఎందుకుండవు? పేదింటి నుంచి తెచ్చుకున్నాడేమో. పిక్కలు కొట్టుకున్న పిల్లని సేసుకున్నాడేమో."

పక్కావిడ అందుకుంది. "అందికే మరి ఆ మొగుడు పోయినదాని తరుపున మాటాడతాది. పుట్టిల్లు అలాటిదే కదా. లేపోతే బుగతోరి పెళ్లానికేటి పట్టినాది?"

 ముగ్గురు జడ్జీలు అడిగిన ప్రశ్న అది. అర పేజీ ధర్మం రాసినా నాకు దొరకని జవాబు అది. అది రెండు నెలల నుంచీ ప్రతి ఆదివారం నా కళ్ల ముందు పిక్కలు కొడుతూనే ఉంది. నేను దాని మీద పౌడరు వేసి, కొంగు చుట్టాను.

పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ఎర్రయ్య ఇటు తిరిగాడు. "ఆడకూతురి తప్పేటీ నేదు. తప్పు మాస్టారిది. అందరి ముందూ ఒప్పుకోవాల."

ఏళ్ల తరబడి స్టేజీ మీద ఎలా నిలబడాలో జనానికి చెప్పినవాణ్ని.  చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టబోయాను.

"సేతులు ముందుకెట్టి సెప్పండి బాబు," అంది పోలమ్మ.

ముందుకి పెట్టాను. "నాదే తప్పు. ఆవిడ చేతులు దాచమనడం నా తప్పు," అన్నాను. రిహార్సలు లేకుండా నేను స్టేజీ మీద చెప్పిన డైలాగు అదొక్కటే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన సందర్భమూ కాదు.

వెనక నీళ్ల చప్పుడైంది. అటు తిరిగి చూస్తే దాలమ్మ మోచేతుల దాకా జాకెట్టు పైకి లాక్కుని, దొర్లిన చెంబులో మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుంటోంది. పౌడరు బల్లల సందుల్లోంచి ఇసుకలోకి కారిపోయింది. కొంగు నడుముకి బిగించుకుంది. చేతులు తుడుచుకోలేదు. ముందుకి వచ్చి, పంచాయతీ పెద్దల వంక చూసింది.

"తగువు తీరినాదా మావా?" అని ఎర్రయ్యను అడిగింది.

"తీరినాది."

"అయితే కూకోండి. ఇంకా రెండు సీన్లున్నాయి."

ఎర్రయ్య ఒక్క క్షణం నిలబడ్డాడు. పెద్దల్ని కూర్చోమని చెప్పడం ఆ పల్లెలో ఆడవాళ్లు చేసే పని కాదు. ఆ పల్లె సంగతి నాకు తెలిసినంతలో మగవాళ్లు చేసేదీ కాదు.  పలాస బండి, పిక్కలు, నాటకం, అన్నీ ఆ ఒక్క క్షణంలోనే ఉన్నాయి. తర్వాత ఎర్రయ్య బోటు అంచు మీద కూర్చున్నాడు. అతను కూర్చున్నాడు కాబట్టి మిగతా ఇద్దరూ కూర్చున్నారు. నేనూ బల్ల దిగి ఇసుకలో కూర్చున్నాను. వింగులోకి వెళ్లే మొహం లేదు.

చివరి సీనులో కామేశ్వరరావు దస్తావేజు అరుగు మీద పెట్టగానే ఆమె దాని మీద అరచెయ్యి పరిచి వేసింది. దెబ్బకి బల్ల అదిరింది. ఇది దొంగకాగితం అంది. ధర్మం గురించి నేను రాసిన అర పేజీలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెయ్యి తియ్యకుండా మొగుడి మొహం వంక చూస్తూ ఉంది. ఇసుకలో ఆడవాళ్లు ముందుకి జరిగారు. కామేశ్వరరావు నిజంగానే భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. అది నాటకంలో లేదు, తర్వాత అన్ని ఆటల్లోనూ ఉంచేశాం.

ఆ నాటకం తర్వాత పోటీలకి వెళ్లింది. హీరోయిన్ చేతులకి మేకప్పు వెయ్యడం మర్చిపోయారని ఒక జడ్జి మార్కులు తగ్గించాడు. ఆయనకి నేను జవాబు రాయలేదు. పోస్టుకార్డు చాలదు.

అనుమతి ఇచ్చామని ఆ పల్లెలో ఎవరూ నాతో అనలేదు. మేం టార్పాలిన్ విప్పుతుంటే ఎర్రయ్య దగ్గరికి వచ్చి, "పక్క పల్లెలోలు సూడనేదు మాస్టారు. మల్లీ ఎప్పుడాడతారు?" అని అడిగాడు.

నేను డైరీ తీసి చూస్తున్నాను. దాలమ్మ అప్పటికే జవాబు చెప్పేసింది.

"వొచ్చే ఆదివారం నాకు కుదురుతాది," అంది.

నాకు కుదురుతుందో లేదో ఎవరూ అడగలేదు.